కుట్టి చూడకుండా అన్న మాట

పెద్దక్క మిషను ఆపిందంటే రెండే కారణాలు ఉండాలి. దారమన్నా తెగి ఉండాలి, చెప్పాల్సిన మాటన్నా గొంతుదాకా వచ్చి ఉండాలి. ఆ మధ్యాహ్నం దారం తెగలేదు.

కొత్తగా చేరిన కాలర్లమ్మాయి ఊరికే ఉండలేక అడిగింది. “పెద్దక్కా, కరోనా అప్పుడు ఈ గదిలో ఒక్కరు కూడా మిగలకుండా టీకా వేయించుకున్నారటగా? మా అత్తని ఒప్పించేసరికి మాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇక్కడ ఎవరు ఒప్పించారు?”

ఆ మాటకి మిగతా మిషన్లు కూడా ఒకదాని వెనక ఒకటి ఆగాయి. జేబులామె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ ముసిముసిగా నవ్వింది.

“ఒప్పించిందీ నేనే,” అంది పెద్దక్క.

“అంతకుముందు చెడగొట్టిందెవరో?” అంది జేబులామె.

“అదీ నేనేలే. ఉండు, చెప్పనీ. మొదలు వదిలేసి చివర చెప్పమంటే నాకు రాదు.”

ఆ గదికి ఒక తలుపు, వీధిలోకి ఊచల కిటికీ. రెండు వరసల్లో ఎనిమిది మిషన్లు. ఓ మూల కత్తిరించే బల్ల, దాని వెనక మాస్టరు. అక్కడ బడిపిల్లల చొక్కాలు కుడతారు. ఒక్కొక్కరికి చొక్కాలో ఒక్కో ముక్క వస్తుంది. జేబులు కుట్టేది జేబులామె, చేతులు కుట్టేది చేతులామె, అంచులు మడిచేది అంచులామె. వాళ్ళకి అమ్మానాన్నలు పెట్టిన పేర్లు లేకపోలేదు. అవి ఆసుపత్రి చీటీల మీద మాత్రమే పనికొచ్చేవి. అందరి ముక్కలూ తెచ్చి చొక్కాగా కలిపేది పెద్దక్క. కలిపిన చొక్కాకి గుండీలు దూరే కాజాలు తీసేది ఆమె తోడికోడలు, అంటే మరిది భార్య. ఆమెని కాజాలక్క అనేవాళ్ళు. ఆ తోడికోడళ్ళిద్దరూ పోట్లాడుకోని రోజున, ఇద్దరిలో ఎవరికి ఒంట్లో బాగాలేదోనని గదంతా కంగారుపడేది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. కొత్త బట్ట తాను వచ్చినప్పుడు మాస్టరు కత్తెర పెట్టడు. ఒక మూల చిన్న ముక్క తీసి పెద్దక్క చేతికిస్తాడు. ఆమె దాని మీద జానెడు కుట్టు వేస్తుంది. రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ లాగుతుంది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి, సూది దిగిన చోట పోగు తెగిందేమో చూస్తుంది. బాగుంటే “కానీండి” అంటుంది. బాగాలేకపోతే “రాదు” అంటుంది. అంతే. ఆ తాను చుట్టి వెనక్కి పంపేస్తారు. ఎందుకు రాదని అడిగినవాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పు కాలేదు మరి.

కరోనా మొదటి ఏడాది ఆ గదికి తాళం పడింది. తాళం తీశాక ముక్కులకి మాస్కులు కట్టుకుని, మాస్టరు కాక ఏడుగురే వచ్చారు. కిటికీ పక్కన ఎనిమిదో కుర్చీ ఖాళీ. కాజాలక్కకి అంతకు రెండేళ్ళ కిందటే కిడ్నీ మార్చారు. ఇచ్చింది ఆమె సొంత అన్న. ఆ కిడ్నీని ఒళ్ళు తోసిపుచ్చకుండా ఉండటానికి ఆమె రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రలు మింగేవాళ్ళకి ఏ జబ్బు తగిలినా గట్టిగానే తగులుతుంది. అందుకని ఆమెని ఇల్లు కదలొద్దన్నారు. పెద్దక్క ప్రతి ఆదివారం రెండు వీధులు నడిచి వెళ్ళి, గేటు బయట నిలబడి, అరుగు మీద కూర్చున్న తోడికోడలితో గంటసేపు పోట్లాడి వచ్చేది.

ఇలా ఉండగా ఆరోగ్య కేంద్రం నుంచి ఒకామె అట్ట, కాగితం పట్టుకుని గదికి వచ్చింది. టీకా వేయించుకునేవాళ్ళు పేర్లు రాయించుకోవాలంది. ఆరుగురు ఆడవాళ్ళూ, మాస్టరూ బుద్ధిగా రాయించుకున్నారు.

“మరి మీరో, పెద్దమ్మా?” అందామె.

పెద్దక్క తల ఎత్తలేదు. కాలు పెడలు మీదే ఉంది. చేతిలో చొక్కా పక్క కుట్టు నడుస్తోంది. ఆ కుట్టు మీదే చూపుంచి, “రాదు,” అంది.

ఆమె మనసులో ఉన్నది వేరు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్నకి జ్వరం ముదిరింది. పన్నెండో రోజున డాక్టరు ఇంటికొచ్చి సూది వేశాడు. మర్నాడు నాన్న పోయాడు. పన్నెండు రోజుల జ్వరం ఆ పిల్ల లెక్కలోకి రాలేదు, ఒక్క సూదే వచ్చింది. యాభై ఏళ్ళు గడిచినా ఆమెకి ఆ గాజు సీసా గుర్తే, దాని రబ్బరు మూత గుర్తే. ఆ డాక్టరు చొక్కాకి మూడో గుండీ లేదన్నది కూడా గుర్తే. దానికి తోడు పక్కింటావిడ ఫోనులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి టీకా గురించి బొంగురు గొంతుతో చెప్పిన భయాలన్నీ విని ఉంది. ఇదంతా చెప్పడానికి సిగ్గేసింది. అందుకని చెప్పలేదు. అలవాటైన మాట నోటికొచ్చింది, అనేసింది.

అంచులామె మెల్లగా లేచి వెళ్ళి తన పేరు కొట్టించుకుంది. ఆ వెనకే చేతులామె. ఆ తర్వాత మిగిలినవాళ్ళు. చివరికి మాస్టరు కూడా. వచ్చినామె కొట్టేసిన పేర్ల కాగితం పట్టుకుని వెళ్ళిపోయింది. పెద్దక్క ఇవేవీ చూడలేదు. కుట్టు అయిపోవచ్చింది, దారం తెంపుకుంటోంది.

నెల తిరక్కుండానే ఒక ఉదయం కిటికీ ఊచల అవతల ఒక మాస్కు, దాని పైన రెండు కళ్ళు కనబడ్డాయి. ఆ కళ్ళని గదిలో పోల్చుకోలేనివాళ్ళెవరు?

“ఏమే, తలుపు కనబడలేదా? పోస్టుమాన్‌లా కిటికీలోంచి చూస్తావేం?” అంది పెద్దక్క. ఆమె మొహం చాటంతైంది.

“లోపలికి రానివ్వకపోతే కిటికీయేగా గతి. నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చానక్కా. నాకూ టీకా వేశారు. కానీ నా మాత్రల మూలంగా అది నాకు అందరికీ పనిచేసినట్టు పనిచెయ్యదట. నా చుట్టూ ఉండేవాళ్ళు వేయించుకుంటే నాకు కాస్త కాపు అట. ఆ గదిలో అందరూ వేయించుకుంటే, కిటికీ తీసి పెట్టుకుని, మాస్కు కట్టుకుని పని చేసుకోవచ్చు అంది. లేకపోతే ఇంట్లోనే ఉండమంది. మా ఇంట్లో అందరికీ అయిపోయింది. ఇక మీరే. ఎవరెవరు వేయించుకున్నారు?”

ఆరుగురూ ఉన్నట్టుండి మిషన్ల మీదికి వంగి, సూదుల్లో దారం సవరించసాగారు.

“ఏం, మూగనోము పట్టారా? ఒక్కరు కూడానా?”

“పేర్లు రాయించుకున్నామే…” అని నసిగింది అంచులామె. “మళ్ళీ కొట్టించుకున్నాం.”

“ఎందుకు?”

అంచులామె మాస్టరు వంక చూసింది. బల్ల వెనక నుంచి మాస్టరు, టేపు మడతపెడుతూ, నేల చూస్తూ చెప్పాడు. “పెద్దక్క రాదంది.”

పెద్దక్కకి అప్పుడు తెలిసింది. ఒక్కొక్క మొహమూ చూసింది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

“కుట్టి చూశావా అక్కా?” అంది కిటికీ అవతల మనిషి.

“ఏంటీ?”

“ముప్ఫై ఏళ్ళుగా నీ పక్కన కూర్చున్నాను. జానెడు కుట్టు వేసి, లాగి, వెలుతురుకి పట్టి చూడకుండా ఏ తానునీ నువ్వు రాదనలేదు. ఒకసారి నీలం తాను వస్తే, చూడగానే పాడు బట్టన్నాను నేను. ‘కుట్టి చూడకుండా వాగకు, నోర్ముయ్’ అని అందరి ముందూ నన్ను కడిగేశావు. ఆ బట్ట నాలుగేళ్ళు చెక్కుచెదరలేదు. మరి దీన్ని కుట్టి చూశావా?”

పెద్దక్క తల దించుకుంది. ఆ గది పుట్టాక అది మొదటిసారి.

“చూసి రాదంటే చెప్పు, మారుమాట్లాడకుండా ఇంట్లో కూర్చుంటాను. చూడకుండా అని ఉంటే మాత్రం నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది డాక్టరమ్మ కాదు, నువ్వు. ఏడాదైంది అక్కా. గోడ మీద బల్లులకి కూడా పేర్లు పెట్టుకున్నాను. ఆ గోడల్నే చూస్తూ పోవాలా నేను?” అని, కళ్ళు తుడుచుకోవడం కనబడకుండా గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పెద్దక్క పొయ్యి ముందు నిలబడి, వెలిగించడం మరిచిపోయింది. పెనిమిటి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“నాకు భయమేస్తోందయ్యా,” అంది.

“నీకా? పాముని చీపురుతో కొట్టినదానివి!”

“పామైతే కళ్ళకి కనబడుతుందిగా.” అని, గదిలో జరిగిందంతా చెప్పింది. వాళ్ళ నాన్న సూది సంగతి కూడా చెప్పింది. కాపరానికొచ్చి నలభై ఏళ్ళైనా ఆ సంగతి ఆయనకి చెప్పడం అదే మొదలు. ఆయన విని, గొంతు సవరించుకుని, మెడ వెనక గోక్కున్నాడు.

“నేను వేయించేసుకున్నానే.”

“ఎప్పుడు?”

“పది రోజులైంది. నీకు చెబితే రాదంటావని చెప్పలేదు.”

“పది రోజులా! అంటే ఆ చెయ్యి నొప్పి, తలగడ వల్ల అన్నావే…”

“పాపం తలగడకి ఏమీ తెలీదు. దాన్ని అనవసరంగా దులిపి ఎండలో పడేశావు.”

పెద్దక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. పది రోజులుగా పక్కనే తిని, పక్కనే పడుకుని, గురక కూడా తగ్గకుండా ఉన్న మనిషి. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. పొయ్యి ఆయనే వెలిగించాడు.

మర్నాడు పనికి వెళ్ళలేదు. బడి హాల్లో టీకాలు వేస్తున్నారంటే అక్కడికి వెళ్ళింది. బెంచీలు ఒక మూలకి నెట్టేసి, ఎడమెడంగా కుర్చీలు వేశారు. తన వంతు వచ్చి కుర్చీలో కూర్చుంది. కళ్ళ ముందు ఆ గాజు సీసా, ఆ రబ్బరు మూత. వెనక్కి తిరిగిపోదామని లేవబోయింది. అంతలో సూది వేసే అమ్మాయి దూది కోసం చెయ్యి పైకెత్తింది. ఆ చంక దగ్గర కుట్టు పిగిలిపోయి ఉంది.

“ఇదెవరు కుట్టారే తల్లీ?” అంది పెద్దక్క.

“ఇచ్చిన యూనిఫారమేనమ్మా. చెయ్యెత్తితే చాలు, పట్టేస్తోంది.”

“పట్టెయ్యదూ మరి! చంకలో చిన్న ముక్క అతకాలి. కుట్టినవాడు నువ్వు చేతులు కట్టుకుని కూర్చుంటావనుకున్నాడు. ఏదీ, ఇటు తిరుగు. చూశావా, కుట్టు కూడా దూరం దూరంగా వేశాడు. రేపు తెచ్చి ఇవ్వు…”

“తెస్తాను గానీ, మీది అయిపోయింది. వెళ్ళి అక్కడ అరగంట కూర్చోండి.”

“ఏదయిపోయింది?”

“టీకా.”

పెద్దక్క తన జబ్బ చూసుకుంది. కందిపప్పు గింజంత దూది అంటించి ఉంది. వేలికి సూది దిగి, గోరు పక్కనుంచి బయటికి వచ్చిన రోజులు మూడు ఉన్నాయి ఆమెకి. దాంట్లో నూరో వంతు లేదిది. యాభై ఏళ్ళు మోసిన భయం తీరడానికి ఇంతసేపే పట్టిందా అనుకుంది.

ఆ రాత్రి కొంచెం జ్వరం, చెయ్యి సలుపు. మర్నాడు ఇంట్లోనే పడుకుంది. గంటకొకరు ఫోను చేశారు. ఏడుగురూ వంతులు వేసుకున్నట్టున్నారు.

“ఎలా ఉంది పెద్దక్కా?”

“ఉన్నాను.”

“అంటే ఉన్నావనుకో… ఎలా ఉన్నావు?”

“ఫోను ఎత్తింది నేనేగా! నేనెత్తకపోతే అప్పుడు కంగారుపడండి.”

మూడో రోజు గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పింది. “నేను వేయించుకున్నాను. మీరూ వేయించుకోండి.”

అంతటితో అయిపోతుందనుకుంది. కాలేదు. జేబులామె మిషను మీద మోచేతులు ఆనించి, “ఆవేళ రాదన్నావు, ఇవాళ కానీండంటున్నావు. ఎల్లుండి ఏమంటావో? నీ మాట పట్టుకుని ఎన్నిసార్లు లేవాలి, ఎన్నిసార్లు కూర్చోవాలి?” అంది.

 పెద్దక్కతో అలా ఎవరూ మాట్లాడి ఎరగరు. పెద్దక్క మొహం కందగడ్డలా అయింది. నోటిదాకా వచ్చిన మాటని మింగి, కుర్చీలో కూర్చుంది.

“నువ్వన్నది నిజం,” అంది. “ఆవేళ నేను చూసి అనలేదు. భయపడి అన్నాను. భయమని చెప్పుకోలేక, బట్టని కుట్టి చూసి చెప్పినట్టు చెప్పాను. తప్పు నాది. మీ ఏడుగురి ముందూ చెబుతున్నాను, తప్పు నాది.”

చేతులామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాస్టరు కత్తెర కింద పెట్టాడు.

“ఈసారి నా మాట మీద లేవకండి. నా తోడికోడలి డాక్టరమ్మకి ఫోను చేయిస్తాను. ఎవరి భయం వాళ్ళు అడగండి. ఆవిడ చెప్పింది విని, నచ్చితేనే వెళ్ళండి.”

ఆ మధ్యాహ్నం కత్తిరించే బల్ల మీద ఫోను పెట్టి చుట్టూ మూగారు. అంచులామె తన బీపీ గురించి అడిగింది. చేతులామె చంటిబిడ్డకి పాలిస్తున్నానంది. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. చెయ్యి నొప్పి పుడుతుంది, కొందరికి జ్వరం వస్తుంది, ఎప్పుడో ఎవరికో పడకపోవచ్చు, అందుకే అరగంట కూర్చోబెట్టి చూస్తారు అంది.

“వేయించుకుంటే ఇక జబ్బు రాదంటారా?” అని నిలదీసింది జేబులామె.

“అలా చెప్పనమ్మా. రావచ్చు. కానీ ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది.”

జేబులామె తలూపింది. “రాదని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. పదండి,” అంది.

ముందు పేరు కొట్టించుకున్న అంచులామే ముందు వెళ్ళింది. ప్రతి ఒక్కరి పక్కనా పెద్దక్క కుర్చీ వేసుకుని కూర్చుంది, చెయ్యి పట్టుకోమన్నవాళ్ళ చెయ్యి పట్టుకుంది. రోజూ వందల గజాల బట్ట తెగ్గోసే మాస్టరు, సూది ఇంకా మూతలో ఉండగానే కళ్ళు తేలేశాడు. ఆయన్ని పడుకోబెట్టి, నీళ్ళు చల్లి, లేచాక వేశారు. “నాకేం భయం లేదు, ఉక్కపోసింది,” అన్నాడు. అప్పటినుంచి గదిలో ఎవరు భయపడినా ఉక్కపోసిందనే అంటారు.

రెండో సూదికి వారాల తరబడి ఆగాలి. ఆ వారాలన్నీ కాజాలు పెద్దక్కే తీసింది. ఆఖరివాళ్ళకి కూడా రెండో సూది పడి, మరో పక్షం గడిచాక, ఒక ఉదయం కిటికీ అవతల కాకుండా తలుపు ఇవతల కనబడింది ఆ మాస్కు.  కాజాలక్క తిన్నగా వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, పక్కనున్న గుట్టలోంచి ఒక చొక్కా తీసి వెలుతురుకి పట్టింది.

“ఏమిటక్కా ఇవి? కాజాలా, ఎలుక కొట్టిన చిల్లులా?”

“నువ్వు లేని లోటు తెలియాలని అలా కుట్టాను,” అంది పెద్దక్క.

గదంతా గొల్లుమంది. మాస్కుల వెనక ఎవరు నవ్వారో, ఎవరు ఏడ్చారో ఇప్పటికీ తేలలేదు.

ఆ తర్వాత చలికాలంలో జబ్బు రానే వచ్చింది. మొదట మాస్టరుకి, ఆ వెనక వరసగా నలుగురికి. ఎవరి ఇంట్లో వాళ్ళు మూడేసి రోజులు మూలిగి, దగ్గి, వారం తిరిగేసరికి తేరుకున్నారు. ఎవరు దగ్గినా గది గడప తొక్కలేదు. అయినా ఎక్కడినుంచో అది కాజాలక్కకి కూడా అంటుకుంది. ఆసుపత్రిలో చేర్చారు. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఆ రెండు రోజులూ పెద్దక్క వార్డు మెట్ల మీద కూర్చుని, మెట్టు మెట్టుకీ తనని తాను తిట్టుకుంది. మూడో రోజు పైప్ తీసేశారు. ఆరో రోజు ఆమె ఎవరూ పట్టుకోకుండా, రెయిలింగు కూడా ముట్టుకోకుండా, ఆ మెట్లు దిగి వచ్చింది.

వెనకే డాక్టరమ్మ వచ్చింది. “టీకా లేకుండా ఈమె ఈ జబ్బుని తట్టుకునేదని నేననుకోను. గదిలో అందరూ వేయించుకోవడం కూడా కలిసొచ్చింది. ఇన్నాళ్ళు జబ్బుని ఆపారు, ఈలోగా ఈమెకి మూడో మోతాదు కూడా పడింది. ఎవరు చేశారు ఇదంతా?” అంది.

“ఈవిడే,” అంది కాజాలక్క, తోడికోడల్ని చూపించి. “ముందు ఆపిందీ ఈవిడే. మీ కాగితంలో రెండూ రాసుకోండి.”

“రాయించవే, రాయించు! బతికి బయటపడగానే నోరు లేచింది చూడు,” అని పెద్దక్క ఆమె సంచీ లాక్కుని, కళ్ళు ఒత్తుకుంటూ ముందు నడిచింది. జీవితంలో ఎన్ని వేల చొక్కాలు కలిపిందో లెక్కలేదు గానీ, ఆ నడకలో ఉన్న గర్వం ఏ చొక్కా చూసుకున్నా రాలేదామెకి. ఇప్పటికీ ఆ రోజు చెప్పేటప్పుడు ఆమె వీపు నిటారుగా అవుతుంది.

“తర్వాత?” అంది కాలర్లమ్మాయి. కాలరు ఒళ్ళోనే ఉండిపోయింది.

“తర్వాతేముంది. నెల రోజులు ఇంట్లో ఉండి బలం పుంజుకుని వచ్చింది. కరోనాకి మూసిన బడులు మళ్ళీ తెరుస్తున్నారు, ఆ రోజే చొక్కాలన్నీ పంపాలి. ఎనిమిదిమందిమీ కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు, అది మా గదిలో ఎంత వింతో నీకు తెలుసుగా. ఎనిమిది పెడళ్ళు ఒకేసారి పడ్డాయి. గోడలు అదిరాయి. కిటికీ ఊచలు మోగాయి. పై అంతస్తాయన పరుగున దిగి వచ్చాడు, పాపం నిద్ర మొహంతో. ‘ఏం జరుగుతోందమ్మా ఇక్కడ?’ అని అరిచాడు.”

“మీరేమన్నారు?”

కిటికీ పక్కన, పళ్ళ మధ్య దారం పట్టుకుని ఇంతసేపూ వింటున్న మనిషి దాన్ని పుటుక్కున కొరికింది.

“అక్క కాదు, నేనన్నాను,” అంది కాజాలక్క. “‘పని జరుగుతోందయ్యా, కళ్ళారా చూసుకో’ అన్నాను. ఇంక లేవండి, కథ అయిపోయింది. కాలర్లు లేకుండా నేను కాజాలు దేనికి తియ్యను?”